కారు అద్దంలో మచ్చలు: గ్లాసువా, ఫిల్మువా?

ఎండ వాలే వేళ పోలరైజ్డ్ కూలింగ్ గ్లాసెస్ పెట్టుకుని, సిగ్నల్ దగ్గర ముందు ఆగిన కారు వెనక అద్దం కేసి చూడండి. చిరుతపులి ఒంటి మీదున్నట్టు గుండ్రటి మచ్చలు వరసకట్టి కనిపిస్తాయి. కళ్లజోడు తీస్తే చాలావరకు మాయమవుతాయి. ఆ కారు ఫ్యాక్టరీ దాటిన రోజు నుంచీ అవి అక్కడే ఉన్నాయి. కానీ సన్ ఫిల్మ్ వేయించిన మర్నాడు సొంత కారు మీద మొదటిసారి కంటబడితే నింద ఫిల్మ్ మీదికే పోతుంది. షాపువాడికీ కారణం తెలియకపోతే ఫిల్మ్ పీకి కొత్తది వేస్తాడు. మచ్చలు మళ్లీ అక్కడే ఉంటాయి, ఇద్దరికీ డబ్బు దండగ.

అందుకే ఏ కంపెనీ ఫిల్మ్, ఎంత శాతం వెలుతురు వదిలేది అని వెతికే ముందు ఒక పని చేయాలి. ఏ గుర్తు గ్లాసుది, ఏది ఫిల్ముది, ఏది పనివాడి చేతిది అని విడదీయడం నేర్చుకోవాలి. పది నిమిషాల పని.

మచ్చలు ఎక్కడివి

డోరు అద్దాలు, వెనక అద్దం సాధారణంగా టఫెన్డ్ గ్లాసు. ఆకారానికి కోసి, అంచులు సానబట్టిన అద్దాన్ని సుమారు 650 డిగ్రీల సెల్సియస్ దాకా కాల్చి, వంపు తిప్పి, వెంటనే రెండు వైపుల నుంచీ వరసలుగా ఉన్న నాజిల్స్‌తో గాలి కొడతారు. పైపొర ముందు గట్టిపడుతుంది. లోపలి భాగం తర్వాత చల్లారి కుంచించుకుంటూ పైపొరను బిగలాగుతుంది. ఆ బిగువే దాని బలం. మామూలు అద్దం కంటే నాలుగైదు రెట్లు ఎక్కువ తట్టుకుంటుంది, పగిలితే కత్తుల్లాంటి పెంకులు కాకుండా చిన్న చిన్న మొద్దు ముక్కలై రాలుతుంది.

నాజిల్‌కి సరిగ్గా ఎదురుగా ఉన్న చోటు కాస్త ముందు చల్లారుతుంది, రెండు నాజిల్స్ మధ్యన ఉన్నది కాస్త ఆలస్యంగా. ఆ తేడా గ్లాసు బిగువులో అచ్చుపడి ఉండిపోతుంది. అట్టు మీద ఎరుపు చూసి పెనం కింద మంట ఎక్కడెక్కడ తగిలిందో చెప్పినట్టు, ఈ మచ్చల వరస చూసి ఆ ఫ్యాక్టరీలో నాజిల్స్ ఎలా అమర్చారో చెప్పొచ్చు. కొన్నింటిలో గుండ్రటి చుక్కలు, కొన్నింటిలో చదరంగం గళ్లు, గాలి కొట్టేటప్పుడు గ్లాసు కదిలితే చారలు.

ఇక అవి ఒకప్పుడు కనిపించి మరొకప్పుడు ఎందుకు కనిపించవంటే, బిగువు ఉన్న గాజు తనలోంచి వెళ్లే కాంతి ఊగే దిశను మారుస్తుంది. మామూలు వెలుతురులో అన్ని దిశలూ కలగలిసి ఉంటాయి కాబట్టి ఆ మార్పు కంటికి ఆనదు. సూర్యుడికి 90 డిగ్రీల పక్కనున్న ఆకాశం నుంచి వచ్చే వెలుతురు అలా కాదు, అది ఎక్కువగా ఒకే దిశలో ఊగుతుంది. పొద్దునా సాయంత్రమూ నడినెత్తి మీది ఆకాశం సరిగ్గా అలాంటిదే. పోలరైజ్డ్ కళ్లజోడు అడ్డంగా ఊగే కాంతిని ఆపి నిలువుది మాత్రమే వదులుతుంది కాబట్టి మచ్చకీ మచ్చ కానిదానికీ తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. గాజు మీద 56 డిగ్రీల దరిదాపు వాలుగా పడి తిరిగొచ్చే కాంతి కూడా ఇలాగే వడకట్టబడి వస్తుంది. బాగా వాలుగా ఉండే వెనక అద్దంలో కళ్లజోడు లేకపోయినా మచ్చలు లీలగా కనపడేది అందుకే.

ఫిల్మ్ వేశాక మచ్చలు ఎక్కువైనట్టు అనిపించడం భ్రమ కాదు. లోపలి నుంచి వచ్చే వెలుతురు తగ్గింది. అద్దం మీది ఆకాశపు ప్రతిబింబం ఇప్పుడు నల్లటి వెనకతెర మీద బొమ్మలా నిలబడింది, దానితో పాటు మచ్చలూ. ఫిల్మ్ వాటిని పుట్టించలేదు, చూపించింది, అంతే. పాలిష్ కొట్టినా పోవు, ఇంకో ఫిల్మ్ వేసినా పోవు. వాటిని తీసేయడమంటే టఫెనింగ్ తీసేయడమే.

ల్యాప్‌టాప్‌తో పరీక్ష

కావలసినవి ఒక ఎల్‌సీడీ తెర ఉన్న ల్యాప్‌టాప్, ఒక పోలరైజ్డ్ కళ్లజోడు. ఎల్‌సీడీ తెర నుంచి వచ్చే కాంతి ఒకే దిశలో ఊగుతుంది కాబట్టి ఆకాశం కోసం సాయంత్రం దాకా కాచుకోనక్కర్లేదు. ఫోను తెరతో పని సరిగా జరగకపోవచ్చు. కొన్ని ఫోన్లలో కళ్లజోడుతో చూసినా చీకటి పడకుండా అదనపు పొర ఉంటుంది.

కారు నీడలో పెట్టండి. ల్యాప్‌టాప్ తెర మీద ఖాళీ తెల్ల పేజీ తెరిచి, వెలుతురు పూర్తిగా పెంచి, డోరు అద్దానికి బయటి వైపు ఆనించి ఒకరు పట్టుకోవాలి. మీరు లోపల కూర్చుని కళ్లజోడును చేత్తో కంటి ముందు పట్టుకుని, గడియారం ముల్లులా మెల్లగా తిప్పండి. ముందుగా అద్దం దాటి బయటికి కనపడే తెర అంచు చూడండి. ఒక కోణంలో అది నల్లబడుతుంది. అక్కడ ఆపి ఇప్పుడు అద్దం వెనకున్న భాగం చూస్తే, నల్లటి నేల మీద తెల్లటి చుక్కలు వరసలుగా వెలుగుతుంటాయి. అంచుల దగ్గర వెలుగు పట్టీ ఒకటి కనపడుతుంది. అదే బిగువు పటం. కళ్లజోడు ఇంకో 45 డిగ్రీలు తిప్పండి, బొమ్మ మారిపోతుంది.

దీని నుంచి తేల్చుకోవాల్సింది ఇది: కళ్లజోడు తిప్పితే మారేది కాంతికి సంబంధించిన గుర్తు, తిప్పినా మారకుండా అక్కడే ఉండేది వస్తువు. అంటే దుమ్ము, బుడగ, గీత, ఉప్పు మరక, జిగురు. ఫిర్యాదు చేయాల్సింది రెండో రకం గురించే.

మారే గుర్తుల్లోనూ ఒక తేడా ఉంది. దూరదూరంగా, క్రమంగా, గళ్లుగా ఉంటే గ్లాసువి. నీళ్ల మీద పడిన కిరసనాయిల్లా ఇంద్రధనుస్సు రంగులు నున్నగా పరుచుకుంటే అవి ఫిల్మువి. ఫిల్మ్ అంటే పాలిస్టర్, తయారీలో దాన్ని రెండు దిక్కులకీ సాగదీస్తారు, ఆ సాగుడు కూడా కాంతిని అలాగే తిప్పుతుంది. ఎంత ఖరీదైన ఫిల్మ్‌కైనా ఇది తప్పదు. కళ్లజోడు లేకుండా, ట్యూబ్‌లైట్ కింద మాత్రమే కనిపించే సన్నటి రంగుల అలలు మూడో రకం. గీతలు పడకుండా ఫిల్మ్ మీద పూసే గట్టి పూత మందం అక్కడక్కడ కాస్త మారడం వల్ల వస్తాయి. ఎండలో కనపడవు, వాటి గురించి షాపువాడితో గొడవ అనవసరం.

ఈ పరీక్షకి ఇంకో ఉపయోగం ఉంది, సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లకి. ముందు విండ్‌షీల్డ్ లామినేటెడ్ గ్లాసు, సుమారు 2 మిల్లీమీటర్ల అద్దాలు రెండు, మధ్యన 0.76 మిల్లీమీటర్ల పీవీబీ అనే ప్లాస్టిక్ పొర. దాన్ని అలా గాలి కొట్టి చల్లార్చరు కాబట్టి దాన్లో చుక్కల వరస ఉండకూడదు. విండ్‌షీల్డ్‌లో చుక్కలు కనిపిస్తే ఆ అద్దం ఎక్కడిదని గట్టిగా అడగండి. ఎడమ డోరులో గుండ్రటి చుక్కలు, కుడి డోరులో చారలు ఉంటే రెండింట్లో ఒకటి ఎప్పుడో మార్చారన్నమాట.

మూలన ఉన్న ముద్ర

ప్రతి అద్దానికీ ఒక మూలన చెరగని ముద్ర ఉంటుంది. దాన్లో తయారీదారు పేరు, మన దేశంలో ఐఎస్ 2553 ప్రమాణం గుర్తు, టఫెన్డ్ లేదా లామినేటెడ్ అన్న మాట చూడండి. యూరప్ ఆమోదం ఉన్నవాటికి వలయంలో E అక్షరం, దగ్గర్లో 43R తో మొదలయ్యే సంఖ్య ఉంటాయి. రోమన్ అంకె II ఉంటే మామూలు లామినేటెడ్ విండ్‌షీల్డ్. రోమన్ V ఉంటే ఆ అద్దం 70 శాతం కంటే తక్కువ వెలుతురు వదులుతుందని, అంటే ఫ్యాక్టరీలోనే ముదురు రంగు వేశారని అర్థం. దానిమీద ఫిల్మ్ వేసే ముందు మీటర్‌తో కొలవకపోతే లెక్క తప్పుతుంది. ఒక అంకె, దాని పక్కన చుక్కలు కనిపిస్తే అది తయారైన ఏడాది, నెల. చుక్కల లెక్క కంపెనీని బట్టి మారుతుంది కానీ, కారులో అన్ని అద్దాలకీ ఏడాది అంకె ఒకటే, లేదా ఒకటి అటూఇటూ ఉండాలి.

అమెరికాలో ఉన్నవాళ్లకి ముద్ర మీద AS1, AS2, AS3 కనిపిస్తాయి. మొదటి రెండూ కనీసం 70 శాతం వెలుతురు వదిలేవి, మూడోది అంతకన్నా ముదురు. ఎస్‌యూవీల వెనక భాగంలో ఉండే ప్రైవసీ గ్లాసు ఈ మూడో రకం. రంగు గాజులోనే ఉంటుంది కాబట్టి గీకినా పోదు. అయితే అది చూపును ఆపినంతగా వేడిని ఆపదు, దానిమీద దాదాపు పారదర్శకమైన సిరామిక్ ఫిల్మ్ వేస్తే తేడా తెలుస్తుంది. ముందు డోర్ల విషయంలో రాష్ట్రానికో రూలు. టెక్సస్‌లో 25 శాతం దాకా ఒప్పుకుంటే కాలిఫోర్నియాలో 70 కావాలి.

రంగు గ్లాసుదా ఫిల్ముదా తెలియకపోతే అద్దం సగం దించి పై అంచు చూడండి. ఫిల్మ్ అంచుకి ఒకటి రెండు మిల్లీమీటర్ల కింద ఆగిపోతుంది, లోపలి వైపు గోటికి మెట్టు తగులుతుంది.

ఫ్యాక్టరీవే అయిన మిగతా గుర్తులు

అద్దం చుట్టూ ఉండే నల్ల పట్టీ పెయింట్ కాదు, కొలిమిలో కరిగి అద్దంతో ఏకమైన సిరామిక్ ఎనామెల్. అద్దాన్ని బాడీకి పట్టి ఉంచే జిగురుకి ఎండ తగలకుండా కాస్తుంది. నలుపు ఎక్కువ వేడి పీలుస్తుంది కాబట్టి కొలిమిలో పట్టీ పక్కన అద్దం కాస్త వేరుగా వంగి, అక్కడ చూపు అలలా వంకర పోతుంది. దాన్ని ఒక్కసారిగా తెగనివ్వకుండా క్రమంగా తగ్గించడానికే పట్టీ అంచున పెద్దవి నుంచి చిన్నవిగా చుక్కలు వేస్తారు. ఈ చుక్కల దగ్గరే ఫిల్మ్‌కి అసలు చిక్కు, దాని సంగతి ముందుముందు.

వెనక అద్దం లోపలి వైపు ఉండే గోధుమరంగు గీతలు డీఫాగర్‌వి, అంటే అద్దాన్ని వేడెక్కించి మంచు మసక పోగొట్టే తీగలు, వెండి కలిసిన పేస్టుతో అచ్చేసి కాల్చినవి. డోరు అద్దం మీద నిలువుగా పడే సన్నటి గీతలు బీడింగ్‌లో (అద్దం అంచున ఉండే రబ్బరు పట్టీలో) ఇరుక్కున్న ఇసుక చేసినవి. గుండ్రటి తెల్ల మరకలు చాలా ఊళ్లలో బోరు నీళ్లతో కడిగి తుడవకుండా వదిలేసినందువల్ల పడ్డ ఉప్పు. గీతలూ మరకలూ ఫిల్మ్ వేశాక మరింత స్పష్టంగా కనిపిస్తాయి, అప్పుడు బయటి వైపువి మాత్రమే తీయగలం. కాబట్టి కారు షాపులో ఇచ్చే ముందు ప్రతి అద్దాన్నీ దగ్గర నుంచి ఒకటి, పక్క నుంచి వాలుగా ఒకటి ఫొటో తీసి పెట్టుకోండి. మంచి షాపువాడు తనే తీస్తాడు.

ఏ ఫిల్మ్, ఎంత శాతం

కేంద్ర మోటారు వాహనాల నియమావళి, 1989లోని 100వ నియమం ప్రకారం ముందు, వెనక అద్దాలు కనీసం 70 శాతం, పక్క అద్దాలు కనీసం 50 శాతం వెలుతురు వదలాలి. 2012 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు అవిషేక్ గోయంకా కేసులో, శాతం ఎంతైనా సరే, అద్దాలకి నల్ల ఫిల్మ్ గానీ మరొకటి గానీ అంటించకూడదని తీర్పిచ్చింది. ఆ తర్వాత 100వ నియమాన్నే సవరించి, 2021 ఏప్రిల్ నుంచి సేఫ్టీ గ్లేజింగ్ అన్న మాట చేర్చారు, లోపలి వైపు ప్లాస్టిక్ పొర ఉన్న గాజు కూడా దాని కిందికే వస్తుంది. ఆ సవరణ ఆధారంగా 70, 50 శాతాలకి లోబడిన ఫిల్మ్‌ని తప్పుపట్టకూడదని 2024 సెప్టెంబరులో కేరళ హైకోర్టు అంది. అది కేరళ తీర్పు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఆపినప్పుడు ఆ తీర్పు పట్టుకుని రోడ్డు మీద వాదించాలా వద్దా అన్నది మీ ఓపిక. మోటారు వాహనాల చట్టం 177వ సెక్షన్ కింద మొదటిసారి 500, ఆపైన 1500 రూపాయల దాకా జరిమానా. ఫిల్మ్ అక్కడికక్కడే పీకించడం వేరు.

వేయించాలనే అనుకుంటే లెక్క సరిగా వేయండి. ఫిల్మ్ మీద రాసిన శాతం ఫిల్మ్ ఒక్కదానిదే. గ్లాసుతో కలిపి గుణించాలి. డోరు అద్దం 75 శాతం వదులుతుంటే, దానిమీద 70 ఫిల్మ్ పడితే 0.75 × 0.70, అంటే 52.5. గట్టెక్కింది. అదే అద్దం మీద 60 ఫిల్మ్ వేస్తే 45, పోయింది. విండ్‌షీల్డ్ ఇంకా కష్టం. 78 శాతం అద్దం మీద 90 ఫిల్మ్ వేస్తే 70.2 వస్తుంది, అద్దం 75 అయితే 67.5కి జారిపోతుంది. చాలా కార్ల విండ్‌షీల్డ్ మీద ఏమీ వేయకుండా వదిలేయడమే తెలివి. దాన్లోని పీవీబీ పొర అతినీలలోహిత కిరణాల్ని ఎలాగూ దాదాపు పూర్తిగా ఆపేస్తుంది.

రకాల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. రంగు అద్దిన చవక ఫిల్మ్ కొన్నేళ్లకి ఊదారంగుకి తిరుగుతుంది. లోహపు పూత ఉన్నది వేడిని బాగానే తిప్పికొడుతుంది కానీ రేడియో తరంగాలకీ అడ్డం పడుతుంది. విండ్‌షీల్డ్‌కి వేస్తే ఫాస్టాగ్ సరిగా చదవదు, జీపీఎస్ తడబడుతుంది. సిరామిక్‌లో ఆ బెడద లేదు, కాకపోతే ఎండ ఎదురుగా వాలుగా పడ్డప్పుడు పలచటి పాలపొరలాంటి మసక కనిపించొచ్చు. కొనే ముందు నమూనా ముక్కని ఎండకి ఎదురుగా పట్టుకుని చూసుకోండి.

షాపులో ఎర్ర బల్బు వెలిగించి చెయ్యి పెట్టి చూడమంటారు కదా, ఆ ప్రదర్శనని నమ్మొద్దు. ఆ బల్బు వెలిగించేది ఎక్కువగా ఇన్‌ఫ్రారెడ్ మాత్రమే. ఎండలో ఇన్‌ఫ్రారెడ్ సుమారు సగం, మిగతాది దాదాపు అంతా కంటికి కనిపించే వెలుతురు, అదీ వేడే. పైగా ఇన్‌ఫ్రారెడ్‌లో ఒక్క చోట కొలిచి 95 శాతం అని రాసుకోవచ్చు. అడగాల్సింది మొత్తం సౌరశక్తిలో ఎంత ఆపుతుందన్న సంఖ్య, టీఎస్ఈఆర్. 70 శాతం ఫిల్మ్‌కి ఆ సంఖ్య 90 అని ఎవరైనా చెప్తే లేచి వచ్చేయండి.

డోరు అద్దానికి వేసే పద్ధతి

152 సెంటీమీటర్ల వెడల్పు రోల్‌లో, చిన్న కారు పక్క అద్దాలకీ వెనక అద్దానికీ కలిపి సుమారు 3 మీటర్లు పడుతుంది. చెయ్యి తిరగనివాళ్లు 4 మీటర్లు పెట్టుకోండి. ఒక లీటరు ఆర్ఓ నీళ్లలో నాలుగైదు చుక్కలు బేబీ షాంపూ కలిపిన స్ప్రే సీసా, గట్టి స్క్వీజీ (నీళ్లు తోసేసే రబ్బరు పలక), ప్లాస్టిక్ కార్డు, కొత్త బ్లేడు స్క్రాపర్, ముక్కలు విరిచే సన్న కట్టర్, నూగు రాలని గుడ్డ, హీట్ గన్ కావాలి. షాంపూ ఎక్కువైతే జిగురు పట్టదు, తక్కువైతే ఫిల్మ్ జరగదు. బోరు నీళ్లు వాడితే ఆరాక ఫిల్మ్ కింద తెల్ల చుక్కలు శాశ్వతంగా మిగిలిపోతాయి.

తలుపులు మూసిన షెడ్డు, ఫ్యాన్ ఆపి, నేల మీద నీళ్లు చల్లి. దుమ్ము అణగాలి.

1. అద్దాన్ని రెండు వేళ్లంత దించి పై అంచు తుడవండి. లోపలి వైపు నీళ్లు కొట్టి బ్లేడుతో ఒకే దిశలో గీకండి, ముందుకూ వెనక్కీ రుద్దితే గీత పడుతుంది. కింద బీడింగ్‌కి నూగు ఉంటే మాస్కింగ్ టేపు అంటించి మూసేయండి. ఫిల్మ్ కింద దొరికే వెంట్రుకల్లో సగం అక్కడివే.

2. ఫిల్మ్‌కి ఏ వైపు లైనర్ ఉందో తేల్చుకోడానికి మూలన రెండు వైపులా రెండు టేపు ముక్కలు అంటించి లాగండి. విడిపోయి వచ్చే పారదర్శకపు పొర లైనర్.

3. అద్దం బయటి వైపు తడిపి, లైనర్ మీ వైపు ఉండేలా ఫిల్మ్ పరిచి కోయండి. పక్కలకి 3 మిల్లీమీటర్లు అదనం, కింద 4, 5 సెంటీమీటర్లు అదనం. పై అంచుకి గ్లాసు అంచు కంటే 2 మిల్లీమీటర్లు తక్కువ. అంచు దాకా వేస్తే అద్దం ఎత్తిన ప్రతిసారీ రబ్బరు ఫిల్మ్‌ని తట్టి నెమ్మదిగా ఊడగొడుతుంది.

4. లోపలి అద్దాన్ని మళ్లీ పూర్తిగా కడిగి, నీళ్లు కారుతుండగా వదలండి. లైనర్ తీస్తూ జిగురు వైపు నీళ్లు కొట్టండి, వేళ్లూ తడిగా ఉండాలి. పై అంచు సరిచూసి పెట్టి, స్క్వీజీతో నడిమధ్యన అడ్డంగా ఒక గీత లాగి పట్టించండి. అక్కడి నుంచి అంచులకి, ఒక గీత మీదికి ఇంకో గీత సగం వచ్చేలా.

5. అద్దం పైకెత్తి, కింది భాగాన్ని కార్డుతో బీడింగ్ లోపలికి దోపి, అక్కడా నీళ్లు తోసేయండి. చివరగా కార్డుకి గుడ్డ చుట్టి నాలుగంచులూ నొక్కండి. బుడగలు మొదలయ్యేది అంచుల నుంచే.

వెనక అద్దం రెండు వైపులా వంగి ఉంటుంది కాబట్టి ఫిల్మ్ ముడతలు పడుతుంది. ముందుగా బయటే హీట్ గన్‌తో ఆ ముడతల్ని కుదించాలి. ఫిల్మ్ ప్రధానంగా రోల్ పొడవు దిశలోనే కుదించుకుంటుంది, ముడతలు ఆ దిశకి అడ్డంగా నిలబడేలా పరుచుకోవాలి. తిరగేసి పరిస్తే ఎంత వేడి చేసినా ముడత పోదు, ఫిల్మ్ కాలిపోతుంది. గన్‌ని ఒకేచోట ఆపకండి. గులకరాయి దెబ్బ ఉన్న టఫెన్డ్ గ్లాసు ఒక్కచోట వేడెక్కితే మొత్తం ఒక్కసారి పొడి అవుతుంది. లోపల పట్టించేటప్పుడు స్క్వీజీని డీఫాగర్ గీతల వెంట లాగాలి, అడ్డంగా కాదు. కట్టర్ ఆ గీతల మీదికి పోనే కూడదు.

ఇప్పుడా నల్ల చుక్కలు. ఎనామెల్ చుక్క గాజు కంటే కాస్త ఎత్తుగా ఉంటుంది. ఫిల్మ్ చుక్క మీది నుంచి చుక్క మీదికి డేరాలా నిలబడి, కింద గాలి మిగిలి, బయటి నుంచి వెండిరంగు పట్టీలా మెరుస్తుంది. ఇది పనివాడి తప్పు కాదు, కానీ చూడ్డానికి బాగుండదు. చుక్కలు చిన్నవైతే రెండు మూడు రోజులు ఆరాక, కొద్దిగా వేడి చేస్తూ గుడ్డ చుట్టిన గట్టి కార్డుతో వరస వరసా నొక్కితే చాలావరకు కూర్చుంటాయి. పెద్దవైతే ఫిల్మ్‌ని చుక్కల లోపలి అంచుకే కోసి ఆపడం, లేదా ఫిల్మ్ మీద సన్నటి నల్ల వినైల్ పట్టీ వేయడం. కొందరు చుక్కల్ని ఎమరీ పేపరుతో అరగదీస్తారు. గాజుకి గీతలు పడతాయి, అది చేయనివ్వొద్దు.

ఆరేలోపు ఏది మామూలు, ఏది కాదు

ఎండాకాలంలో నాలుగైదు రోజులు, వానాకాలంలో మూడు నాలుగు వారాలు ఆరడానికి పడుతుంది. మొదటి ఐదు రోజులు అద్దాలు దించొద్దు, లోపలి వైపు తుడవొద్దు. ఈ రోజుల్లో చిన్న నీటి బుడగలు, మసక, సన్నటి చారలు ఉండడం మామూలే. సూదితో పొడవకండి, పోయే నీళ్లు వాటంతట అవే పోతాయి, రంధ్రం మాత్రం మిగులుతుంది.

నెల తర్వాత కూడా ఉన్న బుడగని వేలితో నొక్కండి. కదిలి పక్కకి జరిగితే గాలి లేదా నీరు. కదలకుండా నడుమ గట్టి చుక్క తగిలితే దుమ్ము. రెండు మీటర్ల దూరం నుంచి కనపడని ఒకటి రెండు దుమ్ము రేణువులు ఎంత మంచి పనిలోనైనా ఉంటాయి, ఒకే అద్దంలో పది ఉంటే తిరిగి వేయమనండి. అంచున వేలి ఆకారంలో లేచిన ముడత, చంద్రవంకలా మడత పడ్డ తెల్ల గీత, ఫిల్మ్ మీద కట్టర్ గీసిన జాడ, ఇవి ఆరితే పోయేవి కావు. మొదటి వారంలోనే ఫొటో తీసి చూపించండి. రెండు మూడేళ్లకి ఫిల్మ్ నడుమ నుంచి ఉబ్బితే జిగురు చచ్చిపోయిందని అర్థం, దానికి పీకడం తప్ప మందు లేదు.

పీకాల్సి వస్తే

డోరు అద్దాలకి స్టీమర్ మేలు. పై మూల నుంచి ఆవిరి పట్టిస్తూ, 45 డిగ్రీల వాలుగా, మెల్లగా లాగితే జిగురుతో సహా వస్తుంది. విసురుగా లాగితే ఫిల్మ్ వస్తుంది, జిగురు అద్దం మీదే ఉండిపోతుంది. మిగిలిన జిగురుని షాంపూ నీళ్లతో తడిపి పది నిమిషాలు నాననిచ్చి బ్లేడుతో తీయండి.

వెనక అద్దం మీద మాత్రం బ్లేడు వద్దు. ఎండలో నిలిపి, ఫిల్మ్ మీద నల్ల పాలిథిన్ కప్పి వేడెక్కనిచ్చి, లేదా ఆవిరితో, డీఫాగర్ గీతల వెంటే లాగాలి. అమ్మోనియా వాడేవాళ్లు డోర్లన్నీ తెరిచి, డ్యాష్‌బోర్డ్, సీట్లు కప్పి, ముక్కుకి సరైన మాస్కు పెట్టుకోవాలి. బ్లీచింగ్ ద్రవం ఉన్న క్లీనర్‌తో కలిస్తే విషవాయువు వస్తుంది, ఆ సీసా దరిదాపుల్లో ఉంచొద్దు.

ఇంత చేసినా ఒక గీత తెగితే, డీఫాగర్ వేసి, మల్టీమీటర్‌ని డీసీ వోల్టులకి పెట్టి, నెగటివ్ మొనని బాడీకి ఎర్త్ చేయండి. పాజిటివ్ మొనకి చిన్న అల్యూమినియం రేకు చుట్టి, గీతకి 12 వోల్టులు వచ్చే కొస నుంచి రెండో కొసకి జరుపుకుంటూ రండి. వోల్టేజీ కొంచెం కొంచెంగా తగ్గుతూ రావాలి. ఎక్కడ ఒక్కసారిగా సున్నాకి పడిందో అక్కడే గీత తెగింది. ఇంజన్ ఆపి, ఆ చోటు స్పిరిట్‌తో తుడిచి, గీతకి పైనా కిందా టేపు వేసి, డీఫాగర్ రిపేరుకని అమ్మే వెండి పెయింట్ రెండు పూతలు వేయండి. తెగిన చోటుకి రెండు వైపులా అర సెంటీమీటరు అదనంగా పూయాలి. సగం ఆరగానే టేపు తీసి, ఒక రోజంతా ఆరాకే స్విచ్ వేయండి.